చుక్కలు అవే.. డోసు అదే.. కానీ రక్తంలోకి చేరేది వేరు! గంజాయి టింక్చర్‌లో నూనె చేసే పని ఏంటో తెలుసా?

సీసా మీద 100 మిల్లీగ్రాములు అని రాసి ఉంటుంది. డ్రాపర్‌తో కొలిచి నోట్లో వేసుకుంటారు. అంటే ఆ 100 మిల్లీగ్రాములూ ఒంటికి పట్టినట్టేనా? కానే కాదు. నోటి ద్వారా తీసుకున్న సీబీడీలో రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఖాళీ కడుపుతో అయితే పదో వంతు కూడా చేరదు. అదే డోసును కొవ్వు ఉన్న భోజనంతో తీసుకుంటే రక్తంలోకి చేరేది దాదాపు నాలుగు రెట్లు పెరుగుతుంది.

మందు మారలేదు, డోసు మారలేదు. మారింది దాంతో పాటు కడుపులోకి వెళ్లిన కొవ్వు మాత్రమే. అందుకే ఈ టింక్చర్లలో వాడే నూనెను సీసా నింపడానికి పోసిన సరుకు అనుకోకూడదు. మందును మోసుకెళ్లే బండి అది. ఇంగ్లిష్‌లో దీన్నే క్యారియర్ ఆయిల్ అంటారు. ఈ బండి ఏ దారిన వెళ్తుంది, మందు ఎక్కడ దిగుతుంది, దారిలో ఎంత పోతుంది.. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా.. టింక్చర్ అంటే ఏంటి?

టింక్చర్ అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది టింక్చర్ అయోడిన్. దెబ్బ తగిలితే పూసేది, చురుక్కుమనేది. ఆ చురుకు అందులోని ఆల్కహాల్‌ది. నిజానికి టింక్చర్ అనే మాటకు అర్థం అదే. మందు పదార్థాన్ని ఆల్కహాల్‌లో కరిగించి తీసిన ద్రావణం.

గంజాయి టింక్చర్‌కు మన దేశంతో పాత సంబంధమే ఉంది. 1839లో కలకత్తాలో పనిచేసిన ఐరిష్ డాక్టర్ విలియం బ్రూక్ ఓషానెసీ, గంజాయి మొక్క జిగురును స్పిరిట్‌లో కరిగించి ధనుర్వాతం, కీళ్లవాతం ఉన్న రోగులకు, ఫిట్స్ వచ్చిన ఓ పసికందుకు ఇచ్చి ఫలితాలు రాశారు. అక్కడి నుంచే ఈ మందు పాశ్చాత్య వైద్యంలోకి వెళ్లింది.

ఇప్పుడు మార్కెట్లో టింక్చర్ పేరుతో అమ్మే డ్రాపర్ సీసాల్లో చాలా వాటిలో ఆల్కహాల్ ఉండదు. నూనె ఉంటుంది. నువ్వుల నూనె, కొబ్బరి నూనె, ఆలివ్ ఆయిల్, లేదా ఎంసీటీ ఆయిల్. పేరు పాతదే, లోపల సరుకు మారింది.

నూనే ఎందుకు? నీళ్లు సరిపోవా?

గంజాయి మొక్కలో ముఖ్యంగా చెప్పుకునే పదార్థాలు రెండు. ఒకటి టీహెచ్‌సీ, మత్తు ఇచ్చేది ఇదే. రెండోది సీబీడీ, దీనికి మత్తు ఉండదు. ఈ రెండూ నీళ్లలో కరగవు. కొవ్వులో మాత్రం బాగా కరుగుతాయి.

ఉత్తరాదిలో హోలీకి భంగును పాలల్లో కలిపి చేయడం తెలిసిందే. ఆ పాలల్లోని కొవ్వే భంగులోని పదార్థాన్ని తనలోకి లాక్కుంటుంది. మన ఆయుర్వేదంలో అనుపానం అనే మాట ఉంది. మందును దేనితో కలిపి తీసుకోవాలో చెప్పేది. తేనెతోనా, నేతితోనా, పాలతోనా అని వైద్యులు విడిగా చెబుతారు. క్యారియర్ ఆయిల్ పని కూడా దాదాపు అలాంటిదే.

అసలు కథ పొట్టలో మొదలవుతుంది

నూనె చుక్క కడుపులోంచి చిన్నపేగులోకి దిగగానే పైత్యరసం వచ్చి కలుస్తుంది. సబ్బు జిడ్డును విడగొట్టినట్టు అది నూనెను సన్నని తుంపరలుగా విడగొడుతుంది. ఎంజైములు ఆ కొవ్వును ఇంకా చిన్న ముక్కలు చేస్తాయి. అప్పుడే అందులో కరిగి ఉన్న సీబీడీ గానీ, టీహెచ్‌సీ గానీ పేగు గోడలోకి చేరుతుంది. కొవ్వు లేకపోతే పైత్యరసం తక్కువగా వస్తుంది. మందులో చాలా భాగం కరగకుండానే బయటికి పోతుంది.

పేగు గోడ దాటాక రెండు దారులు ఉంటాయి. తేడా అంతా ఇక్కడే.

మొదటి దారి లివర్ మీదుగా. పేగు నుంచి పోర్టల్ సిర అనే రక్తనాళం నేరుగా లివర్‌కు వెళ్తుంది. అక్కడి ఎంజైములు ఈ మందును చూడగానే విరగ్గొట్టడం మొదలుపెడతాయి. మిగిలిందే ఒంట్లోకి వెళ్తుంది. డాక్టర్లు దీన్ని ఫస్ట్ పాస్ అంటారు. టోల్ గేటు దగ్గరే సగానికి పైగా సరుకు దించేసుకున్నట్టు అన్నమాట.

రెండో దారి బైపాస్ రోడ్డు. మనం తిన్న కొవ్వును పేగు కణాలు మళ్లీ ప్యాక్ చేసి చిన్న చిన్న మూటలు కడతాయి. వీటి పేరు కైలోమైక్రాన్లు. ఇవి రక్తనాళాల్లోకి కాకుండా లింఫ్ నాళాల్లోకి వెళ్తాయి. అక్కడి నుంచి ఛాతీ గుండా పైకి వెళ్లి మెడ దగ్గర రక్తంలో కలుస్తాయి. మూటలో దాక్కున్న మందు కూడా అలాగే లివర్ టోల్ గేటు తప్పించుకుని రక్తంలోకి చేరుతుంది.

ఇది ఊహ కాదు. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ఎలుకలకు ఈ పదార్థాలను కొవ్వుతో కలిపి ఇచ్చి చూశారు. కొవ్వు లేకుండా ఇచ్చినప్పటితో పోలిస్తే రక్తంలో టీహెచ్‌సీ రెండున్నర రెట్లు, సీబీడీ మూడు రెట్లు పెరిగింది. 2017లో అదే బృందం ఎలుకల లింఫ్‌ను పరీక్షిస్తే, రక్తంలో కంటే అక్కడ టీహెచ్‌సీ 100 రెట్లు, సీబీడీ 250 రెట్లు ఎక్కువగా కనిపించింది. బైపాస్ రోడ్డు మీద ట్రాఫిక్ ఎంత ఉందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

మరి ఏ నూనె ఏం చేస్తుంది?

అన్ని నూనెలూ ఒకే దారిన వెళ్లవు. కొవ్వు ఆమ్లాల గొలుసు పొడవును బట్టి దారి మారుతుంది.

నువ్వుల నూనె: ఇందులో ఎక్కువగా ఉండేవి పొడవు గొలుసు కొవ్వులు. ఇవి కైలోమైక్రాన్ మూటలు కట్టించి లింఫ్ దారి పట్టిస్తాయి. అమెరికాలో 1985లో అనుమతి పొందిన టీహెచ్‌సీ క్యాప్సూల్ మారినాల్‌లోనూ, 2018 జూన్‌లో అనుమతి వచ్చిన సీబీడీ మందు ఎపిడియోలెక్స్‌లోనూ వాడింది మన ఆవకాయలో పోసే ఈ నువ్వుల నూనే.

ఎంసీటీ ఆయిల్: కొబ్బరి లేదా పామ్ కెర్నల్ నూనె నుంచి మధ్యస్థ గొలుసు కొవ్వులను విడదీసి తయారు చేస్తారు. రంగు, రుచి ఉండవు, పల్చగా ఉంటుంది, త్వరగా పాడవదు. అందుకే కంపెనీలకు ఇది ఇష్టం. ప్రకటనల్లో "ఫాస్ట్ అబ్జార్ప్షన్" అని చెప్పేది కూడా దీని గురించే. నూనె త్వరగా జీర్ణమయ్యే మాట నిజమే. కానీ ఈ కొవ్వులు ఎక్కువగా వెళ్లేది పోర్టల్ సిర దారిలో, అంటే లివర్ టోల్ గేటు వైపు. నూనె తొందరగా ఒంటబట్టినంత మాత్రాన మందు కూడా ఎక్కువగా ఒంటబట్టినట్టు కాదు.

ఈ పోలిక మీద నాటింగ్‌హామ్ బృందం 2021లో ఓ ఆసక్తికరమైన ఫలితం ప్రచురించింది. ల్యాబ్‌లో గాజు పాత్రలో చూస్తే ఎంసీటీ కలిపినప్పుడు సీబీడీ బాగా కరిగింది. కానీ ఎలుకలకు ఇచ్చి చూస్తే ఉత్త నువ్వుల నూనెతో ఇచ్చినదే మెరుగ్గా పనిచేసింది.

కొబ్బరి నూనె: ఇందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం. గొలుసు పొడవులో ఇది మధ్యరకం. కొంత ఆ దారి, కొంత ఈ దారి. చలికాలంలో మన బాత్రూంలో కొబ్బరి నూనె సీసా గడ్డకట్టడం చూస్తూనే ఉంటాం. 24 డిగ్రీల దగ్గరే ఇది గట్టిపడుతుంది. టింక్చర్ సీసా కూడా అలా గడ్డకడితే డ్రాపర్‌లోకి వచ్చే కొలత తేడా వస్తుంది.

ఆలివ్ ఆయిల్: ఒలీక్ ఆమ్లం ఎక్కువ. పొడవు గొలుసే కాబట్టి లింఫ్ దారికి పనికొస్తుంది.

హెంప్ సీడ్ ఆయిల్: ఇదీ పొడవు గొలుసు నూనే, కానీ త్వరగా పాడై వాసన వస్తుంది. ఇంకో గందరగోళం కూడా ఉంది. గింజల నుంచి తీసే ఈ నూనెలో సీబీడీ, టీహెచ్‌సీ దాదాపు ఉండవు. మన దేశంలో 2021లో ఫుడ్ సేఫ్టీ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హెంప్ గింజలను, వాటి నూనెను ఆహారంగా గుర్తించింది. అంటే అది వంట సరుకు. దాన్నే సీబీడీ ఆయిల్ అనుకుని కొంటే డబ్బు వృథా.

చిన్న చుక్క నూనె సరిపోతుందా?

ఇక్కడ ఓ లెక్క చూడాలి. ఎపిడియోలెక్స్‌లో మిల్లీలీటర్‌కు 100 మిల్లీగ్రాముల సీబీడీ ఉంటుంది. 15 కిలోల బిడ్డకు డాక్టర్ కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున రాస్తే ఒక పూట డోసు 75 మిల్లీగ్రాములు. అంటే 0.75 మిల్లీలీటర్లు. టీ స్పూన్‌లో ఐదో వంతు కూడా కాదు. అంత చిన్న నూనె ఒక్కటే పెద్ద ఎత్తున మూటలు కట్టించలేదు. పేగులో అసలు పని జరగాలంటే భోజనంలోని కొవ్వు కూడా తోడవ్వాలి.

అందుకే సీసాలో ఏ నూనె ఉందనేది ఎంత ముఖ్యమో, కడుపులో ఏముందనేది అంతకంటే ముఖ్యం. మనుషుల మీద దొరికిన గట్టి ఆధారాలు కూడా దీని గురించే.

ఎపిడియోలెక్స్ లేబుల్‌లోనే ఈ సంగతి ఉంది. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనంతో తీసుకుంటే రక్తంలో మందు గరిష్ఠ స్థాయి 5 రెట్లు, మొత్తం చేరేది 4 రెట్లు పెరుగుతుంది. తక్కువ కొవ్వు భోజనం, పాలు కూడా పెంచుతాయి కానీ అంత కాదు. అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ 2019లో మూర్ఛ ఉన్న 8 మందికి సీబీడీ క్యాప్సూల్స్ ఇచ్చి పరీక్షించింది. ఖాళీ కడుపుతో పోలిస్తే కొవ్వు ఉన్న టిఫిన్‌తో గరిష్ఠ స్థాయి 14 రెట్లు, మొత్తం 4 రెట్లు పెరిగింది.

మన ఇళ్ల లెక్కలో చెప్పాలంటే.. ఒక రోజు ఉత్త ఇడ్లీ చట్నీ, ఇంకో రోజు నెయ్యి కారప్పొడి ఇడ్లీ, మూడో రోజు స్కూల్ బస్సు వచ్చేసిందని ఏమీ తినకుండానే మందు. మూడు రోజులూ డోసు ఒకటే. కానీ రక్తంలో మందు మూడు రకాలుగా ఉంటుంది.

తేడా వస్తే ఏమవుతుంది?

ఎపిడియోలెక్స్‌ను వాడేది డ్రావెట్ సిండ్రోమ్, లెనాక్స్ గాస్టో సిండ్రోమ్ లాంటి మొండి మూర్ఛలకు. 2020లో ట్యూబరస్ స్క్లెరోసిస్ వల్ల వచ్చే ఫిట్స్‌కు కూడా అనుమతి ఇచ్చారు. ఇవన్నీ చిన్నప్పుడే మొదలయ్యే జబ్బులు. రోజుకు పలుమార్లు ఫిట్స్ వచ్చే పిల్లలు ఉంటారు. అలాంటి బిడ్డకు ఒక రోజు రక్తంలో మందు సగానికి పడిపోతే ఫిట్స్ మళ్లీ రావచ్చు. ఇంకో రోజు ఒక్కసారిగా పెరిగితే మగత, ఆకలి లేకపోవడం, విరేచనాలు.

ఇంకో ప్రమాదం లివర్‌ది. సీబీడీతో కొందరిలో లివర్ ఎంజైములు పెరుగుతాయి. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు కూడా వాడేవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ. క్లోబజామ్ వాడేవాళ్లలో దాని నుంచి తయారయ్యే పదార్థం రక్తంలో దాదాపు 3 రెట్లు పెరిగి మత్తుగా పడి ఉంటారు. రక్తం పలచబరిచే వార్ఫరిన్‌తో కూడా తేడా వస్తుంది. అందుకే ఈ మందు మొదలుపెట్టే ముందు, తర్వాత 1, 3, 6 నెలలకు లివర్ పరీక్షలు చేయించమని లేబుల్ చెబుతుంది.

అలాగని పిల్లలకు కావాలని నెయ్యి ఎక్కువ పోసి పెట్టమని కాదు. డాక్టర్లు అడిగేది ఒక్కటే. తిన్నాక ఇస్తే రోజూ తిన్నాకే ఇవ్వండి, ఒకే వేళకు ఇవ్వండి, టిఫిన్ రోజూ ఇంచుమించు ఒకేలా ఉండేలా చూడండి. డోసు సరిచేయాలన్నా అప్పుడే డాక్టర్‌కు లెక్క అందుతుంది.

నాలుక కింద వేసుకుంటే లివర్ తప్పించుకోవచ్చా?

చాలామంది నమ్మేది ఇదే. నాలుక కింద చుక్కలు వేసి ఓ నిమిషం ఉంచితే నేరుగా రక్తంలోకి వెళ్లిపోతుందని. గుండెనొప్పికి నాలుక కింద పెట్టే మాత్ర చూసి వచ్చిన ఆలోచన ఇది. కానీ ఆ మాత్ర లాలాజలంలో కరుగుతుంది. నూనె లాలాజలంతో కలవదు. నోట్లో తేలుతూ ఉండి, ఎక్కువ భాగం మింగేస్తాం. అక్కడి నుంచి మళ్లీ అదే కడుపు, అదే పేగు.

నోటి పొర ద్వారా పంపాలనుకున్న కంపెనీలు అందుకే నూనె వదిలి ఆల్కహాల్ పట్టుకున్నాయి. బ్రిటన్‌లో 2010లో అనుమతి పొందిన సటివెక్స్ స్ప్రేలో ఉండేది ఆల్కహాల్, ప్రొపిలీన్ గ్లైకాల్. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కండరాలు బిగుసుకుపోయే సమస్యకు దీన్ని వాడతారు. ఆల్కహాల్ వల్ల నోరు మండటం, పుండ్లు పడటం దీంతో ఉండే ఇబ్బంది. అందుకే ప్రతిసారీ నోట్లో చోటు మార్చి కొట్టుకోమంటారు.

"ఇంకా ఎక్కలేదు" అని మళ్లీ వేసుకుంటే?

నూనెలో ఉన్న మందు నెమ్మదిగా పనిచేస్తుంది. మొదలవడానికే అరగంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు. ఎపిడియోలెక్స్ రక్తంలో గరిష్ఠ స్థాయికి రావడానికి రెండున్నర నుంచి 5 గంటలు పడుతుంది. టీహెచ్‌సీ ఉన్న నూనెలతో అసలు ముప్పు ఇక్కడే. గంటైనా ఏమీ తెలియడం లేదని రెండో డోసు వేసుకుంటారు. తర్వాత రెండూ కలిసి ఒకేసారి పైకి లేస్తాయి. పైగా మింగిన టీహెచ్‌సీని లివర్ ఇంకో పదార్థంగా మారుస్తుంది. దానికి కూడా మత్తు ఇచ్చే గుణం ఉంది. గుండెదడ, భయం, తూలిపడటం, పెద్దవాళ్లలో అయితే అయోమయం.

మారినాల్ లేబుల్ చెప్పేది చూస్తే ఈ మందు లెక్క అర్థమవుతుంది. మింగిన టీహెచ్‌సీలో 90 నుంచి 95 శాతం పేగు పీల్చుకుంటుంది. కానీ లివర్ దాటి రక్తంలో తిరిగేది 10 నుంచి 20 శాతమే. మధ్యలోది టోల్ గేటు దగ్గర ఆగిపోతుంది.

నూనె కడుపులోకే.. ఊపిరితిత్తుల్లోకి కాదు!

తాగే నూనెను వేప్ పరికరంలో పోసి పీల్చడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. 2019లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని జనం ఆస్పత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు. ముఖ్య అనుమానితుడు టీహెచ్‌సీ ద్రావణాల్లో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్ అనే నూనె పదార్థం. మింగితే హాని లేనిదే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ప్రాణం తీసింది.

అలర్జీ సంగతి కూడా చూడాలి. నువ్వుల అలర్జీ ఉన్నవాళ్లు ఎపిడియోలెక్స్, మారినాల్ వాడకూడదు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులను తొమ్మిదో ప్రధాన అలర్జీ ఆహారంగా లేబుల్ మీద రాయడం తప్పనిసరి చేశారు. ఎంసీటీ ఆయిల్ ఎక్కువైతే కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి.

లేబుల్‌ను నమ్మొచ్చా?

2017లో జామా జర్నల్‌లో వచ్చిన ఓ అధ్యయనంలో ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను ల్యాబ్‌లో పరీక్షించారు. లేబుల్ మీద రాసిన మేరకు సీబీడీ ఉన్నవి 31 శాతమే. 18 ఉత్పత్తుల్లో టీహెచ్‌సీ కూడా దొరికింది. అంటే నూనె, భోజనం తేడాలు లెక్కపెట్టే ముందు సీసాలో ఎంత ఉందన్నదే ప్రశ్న.

మన దగ్గర చట్టం ఏం చెబుతోంది?

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ కొనలు. జిగురు అంటే చరస్. రెండూ నేరమే. పూత లేకుండా ఉన్న ఆకులు, గింజలు ఈ నిర్వచనంలోకి రావు. ఆయుర్వేదంలో విజయ పేరుతో అమ్మే నూనెలు ఈ ఆకు ఆధారంగానే లైసెన్స్ తెచ్చుకుంటున్నాయి. కానీ డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ ఈ1 జాబితాలో భంగు కూడా ఉంది. అంటే వైద్యుడి పర్యవేక్షణలోనే తీసుకోవాలని ఆ మందుల లేబుల్ మీద హెచ్చరిక ఉండాలి. ఆన్‌లైన్‌లో నొక్కితే వచ్చేస్తుంది కదా అని కొనేసుకునే సరుకు కాదు.

అమెరికాలో 2018 ఫార్మ్ బిల్లు 0.3 శాతం లోపు టీహెచ్‌సీ ఉన్న హెంప్‌ను నిషేధిత పదార్థాల జాబితా నుంచి తీసేసింది. ఆ తర్వాత అక్కడ సీబీడీ సీసాలు మామూలు షాపుల్లోకి వచ్చేశాయి. అమ్మానాన్నల మోకాళ్ల నొప్పులకని అక్కడి నుంచి సూట్‌కేసులో పెట్టి పంపే ముందు ఆలోచించాలి. లేబుల్ మీద లేకపోయినా టీహెచ్‌సీ బయటపడితే ఇక్కడ వర్తించేది ఎన్‌డీపీఎస్ చట్టమే. పైగా ఆ పెద్దవాళ్లు బీపీ మాత్రలో, వార్ఫరిన్‌లో వాడుతూ ఉండొచ్చు.

డాక్టర్‌ను అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. ఈ సీసాలో క్యారియర్ ఆయిల్ ఏంటి? నువ్వులు, కొబ్బరి అలర్జీ ఉంటే పరవాలేదా?
2. మిల్లీలీటర్‌కు సీబీడీ ఎంత, టీహెచ్‌సీ ఎంత? ల్యాబ్ రిపోర్ట్ ఉందా?
3. తిన్నాక వేసుకోవాలా, తినకముందా? ఏ పూట?
4. ఇప్పుడు వాడుతున్న మందులతో తేడా వస్తుందా? లివర్ పరీక్ష ఎప్పుడు?
5. ఈ బ్రాండ్ దొరక్కపోతే వేరే నూనెతో ఉన్నది అదే డోసులో వాడొచ్చా?

ఐదో ప్రశ్న చాలామంది అడగరు. షాపులో ఈ సీసా లేదని ఇంకోటి ఇస్తే, మిల్లీగ్రాములు సరిపోయాయి కదా అని తెచ్చేసుకుంటారు. నూనె మారితే మందు వెళ్లే దారి మారొచ్చు. దారి మారితే రక్తంలోకి చేరేదీ మారుతుంది. మూర్ఛ ఉన్న బిడ్డ విషయంలో ఆ తేడా తెలిసేది లేబుల్ మీద కాదు, రాత్రి వచ్చే ఫిట్స్‌తోనే. కొత్త సీసా మూత తీసే ముందు డాక్టర్‌కు ఒక్క ఫోన్ చేయడం మేలు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. గంజాయి ఆధారిత మందులు ఏవైనా వైద్యుల సలహా లేకుండా వాడొద్దు. వాడుతున్న మూర్ఛ మందులను సొంతంగా ఆపొద్దు, డోసు మార్చొద్దు.